పినాకిని ఎక్కి అనురాధపురం

విజయవాడ నుంచి శ్రీలంకకు టికెట్ వెతికితే ముందుగా కనిపించేవి గన్నవరంలో ఎక్కి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దిగి, అక్కడ గంటలకొద్దీ పడిగాపులు కాసి కొలంబో చేరే టికెట్లు. మేం చూసినప్పుడు రానూపోనూ మనిషికి పాతిక వేలకు తక్కువ లేదు. మ్యాప్‌లో గీత గీస్తే కొలంబో మనకు ఢిల్లీ కంటే దగ్గర. ఆ దగ్గరితనం టికెట్ ధరలో కనిపించాలంటే గన్నవరాన్ని పక్కనపెట్టి చెన్నై వైపు చూడాలి. చెన్నై నుంచి కొలంబోకు గంటా ఇరవై నిమిషాలు. శ్రీలంకన్, ఇండిగో రెండూ నడుపుతాయి. పోటీ ఉన్న దారి కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది. చెన్నైకి మనకు రైళ్లకు కొదవా?

మొత్తం నలుగురం. నేను, మావారు, మా ఆడపడుచు అంటే మా వదిన, ఆవిడ భర్త. ఆయన గుంటూరులో హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. నాకు వరసకు అన్నయ్య. అమరావతి పక్క ఊళ్లో పుట్టిన మనిషి. జిల్లాలు విడగొట్టాక అమరావతి పల్నాడు జిల్లాలోకి పోయినా ఆయన నోట ఇప్పటికీ గుంటూరు జిల్లానే. "అమరావతిలో మనకు మిగిలింది పునాదమ్మా. నిలబడున్న స్తూపం చూడాలంటే అనురాధపురం వెళ్లాలి" అని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఈ యాత్రకు మూలం ఆ మాటే. మిగతా వాళ్లం వెంట పడ్డాం.

బందరు రోడ్డులో ఒక ఏజెంట్‌ను కూడా అడిగి చూశాం. ఆయన దగ్గరున్న ప్యాకేజీలన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి: కొలంబో, క్యాండీ, నువర ఎలియ, బెంటోటా బీచి. అనురాధపురం అనగానే "అక్కడేముందండీ, గుళ్లేగా" అన్నాడు. పైగా అప్పట్లో విదేశీ ప్యాకేజీ మీద అయిదు శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, కట్టాల్సి వచ్చేది. తర్వాత రిటర్న్స్‌లో సర్దుబాటవుతుందనుకోండి, కానీ చేతిలో డబ్బు ముందు పోతుంది. విమానం టికెట్ ఒక్కటే విడిగా కొనుక్కుంటే ఆ బెడద లేదు. లేచి వచ్చేశాం.

టికెట్లు వెతికే పని మావారిది. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకనీ, ఫోన్‌లో హిస్టరీ చెరిపేసి చూడాలనీ ఆయన ఆఫీసులో తలా ఒక సలహా ఇచ్చారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. నిజంగా డబ్బు మిగిల్చింది వేరే కిటుకు. ఒకే విమానంలో ఒకే రకం సీట్లకు అయిదారు ధరలుంటాయి. అన్నిటికంటే చవక ధరలో కాసిన్ని సీట్లు పెడతారు, అవి అయిపోతే పై ధర తెరుచుకుంటుంది. నలుగురికీ కలిపి వెతికినప్పుడు చవక సీట్లు రెండే మిగిలి ఉంటే, ఆ రెండూ చవకగా, తక్కిన రెండూ ఖరీదుగా చూపించరు. నలుగురికీ పై ధరే చూపిస్తారు. మావారు ముందు ఒక్కరికని వెతికారు, తర్వాత ఇద్దరికని, ఆ తర్వాత నలుగురికని. ఇద్దరి దగ్గర పదమూడు వేల చిల్లర చూపించింది కాస్తా నలుగురికి అనగానే పదహారు దాటింది. ఇంకేం, మా ఇద్దరికీ ఒక బుకింగ్, మావారి అక్కాబావలకు వెంటనే ఇంకొకటి. వాళ్లకు ధర కొంచెం ఎక్కువే పడింది, అయినా మొత్తం మీద అయిదు వేల పైన మిగిలింది. "నాకు ఎక్కువ పడింది కాబట్టి కిటికీ సీటు నాదే" అని వదిన అప్పుడే తేల్చేసింది.

కొన్నది ఎయిర్‌లైన్ సొంత సైటులోనే. బయటి సైట్లు రెండు మూడొందలు తక్కువ చూపిస్తాయి, చివరి పేజీకి వచ్చేసరికి కన్వీనియన్స్ ఫీజు కలిపి లెక్క సరిచేస్తాయి. టైమింగ్ మారినా, రద్దయినా మధ్యవాళ్ల చుట్టూ తిరగాలి. ఇంకో సంగతి. అన్నిటికంటే చవకగా కనిపించే టికెట్‌లో పెట్టెకు చోటుందో, చేతి సంచి ఒక్కటేనో చూసుకోవాలి. విమానాశ్రయంలో లగేజీకి విడిగా కట్టే డబ్బుతో ఆదా అంతా కొట్టుకుపోతుంది.

రైలు, విమానం వేర్వేరు టికెట్లు కాబట్టి రైలు ఆలస్యమై విమానం తప్పితే ఎవరూ పూచీ కాదు. అందుకే పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు బయల్దేరి, సాయంత్రం విమానం ఎక్కేలా చూసుకున్నాం. మధ్యలో ఏ గూడ్సు అడ్డం పడినా తట్టుకునేంత వ్యవధి ఉంది.

తేదీలు మాత్రం అన్నయ్యగారు పెట్టారు. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవే. పోయ రోజంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం కొట్లు మూసేస్తారు. చాలామంది టూరిస్టులు ఈ రోజును తప్పించుకుని ప్లాన్ చేస్తారు. ఆయన దాని చుట్టూనే ప్లాన్ చేశారు. 2025 ఫిబ్రవరి 12, మన మాఘ పౌర్ణమి, వాళ్లకు నవం పోయ. ఆ రోజు అనురాధపురంలో ఉండాలి, మిగతావి అటూ ఇటూ సర్దుకోండి అన్నారు. దాంతో ఎల్లా అనే కొండ ఊరు, గాల్ కోట, దక్షిణాది బీచీలు అన్నీ కొట్టేశాం. ఫోటోల్లో చూసిన ఎల్లా తొమ్మిది కమానుల రైలు వంతెన కోసం మావారు రెండు రోజులు మొహం ముడుచుకున్నారు. ఉన్న కొద్ది రోజుల్లో బస్సుల్లో ఒళ్లు హూనం చేసుకోవడం కంటే నాలుగు ఊళ్లు నింపాదిగా చూడటమే నయం అని నా లెక్క.

వీసా అంటే ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లోనే. శ్రీలంక సర్కారు వారి సైటులోనే చేసుకోవాలి, అచ్చం అలాగే కనిపించి అదనంగా గుంజే సైట్లు బోలెడున్నాయి. ఫీజు నిబంధనలు తరచూ మారుతుంటాయి కనుక వెళ్లే ముందు అక్కడే చూసుకోవడం మంచిది. పాస్‌పోర్ట్‌కు ఆరు నెలల గడువు ఉండాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పినాకిని ఆరు దాటాక విజయవాడలో కదిలింది. గుంటూరు వాళ్లిద్దరూ తెనాలికి కారులో వచ్చి అక్కడ ఎక్కారు. వదిన చేతిలో టిఫిన్ క్యారియరు, అన్నయ్యగారి చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన నోటుబుక్కు. ఒంగోలు దాటేలోపే క్యారియరు ఖాళీ.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చెన్నై సెంట్రల్. స్టేషన్ నుంచే మెట్రో దొరుకుతుంది. నీలం లైను ఎక్కితే మారే పని లేకుండా నేరుగా ఎయిర్‌పోర్టే, టికెట్ యాభైలోపే. బయట ట్యాక్సీ అతను చెప్పిన రేటు విని నవ్వొచ్చింది.

విమానం ఎక్కాక తిండి పెట్టి, ట్రేలు తీసేసరికి దిగడానికి సిద్ధం కమ్మన్నారు. కొలంబో ఎయిర్‌పోర్ట్ అని పేరేగానీ, అది ఉన్నది కటునాయకలో, కొలంబోకు ముప్ఫై కిలోమీటర్ల పైన ఉత్తరంగా. పక్కనే నెగొంబో ఊరు. రాత్రిపూట దిగేవాళ్లు కొలంబోకు పరుగెత్తకుండా నెగొంబోలో పడుకోవడం మేలు. గదులూ చవక, ట్యాక్సీ ఖర్చూ కలిసొస్తుంది. ఎయిర్‌పోర్టులోనే సిమ్ తీసుకుని పిక్‌మీ యాప్ వేసుకున్నాం. మన ఊబర్ లాంటిదే, ఆటోలూ వస్తాయి. గడియారం తిప్పే పని లేదు, వాళ్ల టైమూ మన టైమే. డబ్బు లెక్కొక్కటే తిప్పుకోవాలి: మన రూపాయికి అప్పుడు మూడు రూపాయల నలభై పైసల దాకా వచ్చింది. మెనూలో ఇడియాప్పం ప్లేటు ఆరువందలని చూసి వదిన గుండె మీద చెయ్యేసుకుంది. లెక్క కట్టి చెప్పాక రెండో ప్లేటు తెప్పించుకుంది.

ఫిబ్రవరి 8, శనివారం

పొద్దున బస్సులో కొలంబో. పెట్టా బజారు మన వన్‌టౌన్‌కు ఏమీ తీసిపోదు, వన్‌టౌన్ వాళ్లకు అందులో కొత్తగా చూడాల్సిందీ లేదు. సామాను కొలంబో ఫోర్ట్ స్టేషన్ దగ్గర పెట్టి కాసేపు సముద్రం ఒడ్డున తిరిగాం.

మధ్యాహ్నం క్యాండీ రైలు. రిజర్వు సీట్లు నెల రోజుల ముందు తెరుస్తారు, కొండ దారి రైళ్లలో అవి నిమిషాల మీద అయిపోతాయి. క్యాండీ దాకానే కనుక మాకు దొరికాయి. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. రంబుక్కన దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. అక్కణ్ణుంచి కడుగన్నావ వరకు కుడిపక్క లోయ, కింద మెట్టు మెట్టుగా వరి మళ్లు, అవతల కొండలు. ఈ లైను 1867లో క్యాండీ చేరింది. మొదట కాఫీని దించడానికి వేశారు, తర్వాత తెగులు పట్టి కాఫీ తోటలు పోతే వాటి చోట టీ వచ్చింది. ఈ కబుర్లన్నీ అన్నయ్యగారివే. మావారు అప్పటికే తలుపు దగ్గర నిలబడి వీడియో తీస్తున్నారు, ఎల్లా బాధ కొంత తీరినట్టుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

క్యాండీలో బుద్ధుడి దంతధాతువు గుడి, శ్రీ దలదా మాలిగావ. లోపలికి వెళ్లేముందు గట్టి సోదా. 1998లో ఇక్కడ లారీ బాంబు పేలింది, అప్పటినుంచీ అంతే. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటోలు దిగకూడదు. దంతం కనిపించదు, అది ఉన్న బంగారు పేటిక కనిపిస్తుంది, అదీ పూజ వేళల్లోనే. చేతుల్లో తామరపూలు, కలువపూలు పట్టుకున్న జనం మధ్య నెమ్మదిగా నడుస్తూ వెళ్లి, ఒక్క క్షణం చూసి, కదలాలి. మన కొండమీద అమ్మవారి దర్శనంలాగా ఇక్కడ ఎవరూ వెనకనుంచి నెట్టలేదు.

గుడి పక్కనే కొయ్య స్తంభాల కొలువుకూటం ఉంది. 1815 మార్చి 2న క్యాండీ సర్దారులు రాజ్యాన్ని బ్రిటిషు వాళ్లకు రాసిచ్చింది అక్కడే. అన్నయ్యగారు అక్కడ చాలాసేపు ఆగారు. క్యాండీని చివరగా ఏలింది నాయకరు వంశం. 1739లో వారసుడు లేకుండా రాజు చనిపోతే మదురై నుంచి వచ్చిన రాణిగారి తమ్ముడు గద్దెనెక్కాడు. మదురై నాయకుల వైపు బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. ఆ వంశంలో ఆఖరివాడు శ్రీ విక్రమ రాజసింహ. పట్టాభిషేకానికి ముందు పేరు కన్నసామి. ఎదురుగా మనం ఫోటోలు దిగే ఈ చెరువు 1807లో ఆయన తవ్వించిందే. బ్రిటిషు వాళ్లు పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. "చూడమ్మా, బౌద్ధాన్ని నిలబెట్టడానికి సయాం నుంచి భిక్షువుల్ని రప్పించింది కూడా ఈ వంశంలోని కీర్తి శ్రీ రాజసింహే. ఇంట్లో మాట దక్షిణాదిది, గుళ్లో కొలిచింది బుద్ధుణ్ణి" అన్నారు. వదిన మాత్రం "మరి వేలూరు మన పక్కనేగా, మనకెవరూ చెప్పలేదే" అంది. నాకూ అదే అనిపించింది. గోల్డెన్ టెంపుల్‌కని వేలూరు వెళ్లొచ్చిన మావాళ్లలో ఒక్కరి నోటా అక్కడున్న ఆ రాజు సమాధి ఊసు వినలేదు.

బయటికొచ్చి బజారులో వెలగపండు జ్యూస్ చెప్పాం. మనం వినాయక చవితికి పాలవెల్లికి కట్టి వదిలేసే వెలగపండు ఇక్కడ రోజువారీ పానీయం. పండు పగలగొట్టి, గుజ్జు మిక్సీలో వేసి, బెల్లం లాంటి తాటి పాకం పోసి మీట నొక్కాడు. గుర్రుమని తిరిగి సగంలో ఆగింది. టైము పదకొండున్నర ప్రాంతం. ఫ్యాన్లు ఆగాయి, ఎదురు కొట్టులో పాట ఆగింది. కొట్టాయన ఏమాత్రం కంగారు పడకుండా గుజ్జును గిన్నెలోకి వంపి, చెంచా వెనకవైపుతో మెదిపి, జల్లెడ పట్టి, నాలుగు గ్లాసుల్లో పోశాడు. కాస్త పీచు తగిలింది, రుచి మాత్రం అమోఘం.

కరెంటు ఊరిలో పోలేదు, దేశంలో పోయింది. కొలంబోకు దక్షిణాన పానదుర సబ్‌స్టేషన్‌లోకి ఒక కోతి దూరి ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలిందట, దాంతో ద్వీపమంతా చీకటి. ఇది పుకారు అనుకున్నాం, సాయంత్రానికి వాళ్ల మంత్రిగారే చెప్పారు. "లంకను కోతి కాల్చడం పాతదే" అని మావారు అన్నారు. ఆటో అతను తమిళుడు, విషయం అర్థమై పగలబడి నవ్వాడు.

నవ్వు సరే, ఆ పూట కార్డు మెషీన్లు పనిచేయలేదు, ఏటీఎంలు కొన్నే పనిచేశాయి. శ్రీలంకలో 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ నడుస్తోంది. పెద్ద షాపుల్లో క్యూఆర్ స్కాన్ చేస్తే మన బ్యాంకు నుంచే పోతుంది. అది చూసుకుని చేతిలో నోట్లు పెట్టుకోకుండా తిరిగేవాళ్లు ఆ ఆదివారం పస్తే. వదిన బొడ్డుసంచిలో నోట్లు దాచింది కాబట్టి మాకు అన్నానికి లోటు రాలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

క్యాండీ నుంచి దంబుల్లకు బస్సు. కారు మాట్లాడుకుంటే హాయే, కానీ అదే దారికి బస్సు టికెట్ మన డబ్బుల్లో వంద లోపు. ఎర్రబస్సులు సర్కారువి, రంగురంగులవి ప్రైవేటువి. ప్రైవేటు డ్రైవర్లు మన గుంటూరు–నరసరావుపేట బస్సులవాళ్లకు పాఠాలు చెప్పగలరు.

దారిలో మాతలే దగ్గర అలువిహారలో దిగాం. బండరాళ్ల మధ్య గుహలు. అప్పటిదాకా నోటితో వల్లించుకుంటూ వచ్చిన బౌద్ధ గ్రంథం త్రిపిటకాన్ని క్రీ.పూ. మొదటి శతాబ్దంలో, వళగంబా రాజు కాలంలో, ఇక్కడే తాటాకుల మీదికెక్కించారు. ఒక భిక్షువు తాటాకు మీద గంటంతో ఎలా రాస్తారో చూపించారు. గీసిన గీత ముందు కంటికి ఆనలేదు. నల్లటి నూనె మసి రుద్ది, పిండితో తుడిచాక అక్షరం పైకి తేలింది. అన్నయ్యగారి పేరు అడిగి సింహళ లిపిలో రాసిచ్చారు. ఆయన హుండీలో వేసిన నోటు వదిన చూడలేదు, నేను చూశాను.

ఆ పక్కనే రోడ్డు వెంట "స్పైస్ గార్డెన్" బోర్డులు వరసగా. లోపలికి వెళ్తే ఉచితంగా తోట చూపించి, చివర మోకాళ్ల నొప్పుల నూనె వేలల్లో అంటగడతారు. గుంటూరు వాళ్లకు మిరియం, లవంగం గురించి పాఠమా అని అన్నయ్యగారు బస్సు దిగనివ్వలేదు.

దంబుల్ల గుహాలయం మిట్టమధ్యాహ్నం ఎక్కకూడదు. చెప్పులు కింద వదలాలి, పైన నల్లరాయి పెనంలా కాలుతుంది. నేను సంచిలో పాత మేజోళ్లు పెట్టుకెళ్లాను. వదిన నవ్వింది, తర్వాత అడిగి ఒక జత తొడుక్కుంది. అయిదు గుహలు, లోపల కప్పంతా రంగుల బొమ్మలు. రాయి ఎక్కడ వంగితే బొమ్మ అక్కడ వంగింది, చూరు గుడారంలాగా కనిపిస్తుంది.

రాత్రి సిగిరియ దగ్గర ఒక ఇంట్లో దిగాం. ఇంటివాళ్లు రెండు గదులు అద్దెకిస్తారు, వండి పెడతారు. అన్నం, పప్పు, పనసకాయ కూర, కొబ్బరి పచ్చడి. పేరు పోల్ సంబోల్ గానీ ఎండు మిరపకాయ దంచి కొబ్బరి, నిమ్మరసం కలిపిన పచ్చడే అది. వదిన కారం సరిపోలేదని ఇంటావిడతో చెప్పింది. మర్నాడు పొద్దున ఆవిడ పంతంగా కలిపిన కారానికి మావారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిన తొణకలేదు. కోతి పుణ్యమాని ఆ రాత్రి గంటన్నర కోత. మళ్లీ మర్నాడు కూడా.

ఫిబ్రవరి 11, మంగళవారం

తెల్లవారగానే సిగిరియ. టికెట్ ఖరీదే, డాలర్ల లెక్కన. సార్క్ దేశాల వాళ్లకు తగ్గింపు రేటుంది, కానీ అడిగితేనే, పాస్‌పోర్ట్ అసలుది చూపిస్తేనే. జిరాక్సు చాలదని మా ముందున్న వాళ్లను వెనక్కి పంపారు.

తండ్రి ధాతుసేనుణ్ణి చంపి గద్దెనెక్కిన కాశ్యపుడు, తమ్ముడు మొగ్గల్లానుడు ఇండియా నుంచి సైన్యంతో వస్తాడనే భయంతో ఈ రాతిబండ మీద కోట కట్టుకున్నాడు. 477 నుంచి 495 దాకా ఏలాడు. తమ్ముడు రానే వచ్చాడు. సగం ఎత్తులో అప్సరసల చిత్రాలు, ఫోటో తీయనివ్వరు. దాని పక్కన నున్నటి అద్దం గోడ. రాజు పోయాక వందల ఏళ్లపాటు వచ్చిపోయినవాళ్లు ఆ బొమ్మల మీద పద్యాలు గీకిపోయారు. ఇప్పుడు గీకితే జైలు. పన్నెండొందల దాకా మెట్లు. సింహం పంజాల దగ్గర అన్నయ్యగారు కూలబడి, "మీరెళ్లండి, నాకు కావలసింది రేపుంది" అన్నారు. పైకి వెళ్లొచ్చిన మాకు గాలి తప్ప పెద్దగా చెప్పడానికి లేదు. పునాదులు, ఒక కొలను, చుట్టూ అడవి. డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు ఎదురుగా ఉన్న పిదురంగల ఎక్కి, అక్కణ్ణుంచి సిగిరియనే చూడొచ్చు. టికెట్ చాలా తక్కువ, నా ఓటు దానికే.

సాయంత్రానికి దంబుల్ల మీదుగా అనురాధపురం. బస్సు కిక్కిరిసింది. సగం మంది అప్పటికే తెల్లబట్టల్లో ఉన్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం, పోయ

గదులు ముందే ఖాయం చేసుకోకపోతే ఈ రోజు ఊళ్లో చోటు దొరకదు. మేమూ తెల్లబట్టలే కట్టుకున్నాం. మావారికి తెల్లచొక్కా ఉంది గానీ ప్యాంటు లేదు, అన్నయ్యగారి పంచె కట్టుకున్నారు.

ముందు శ్రీ మహాబోధి. అశోకుడి కూతురు సంఘమిత్త బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ, క్రీ.పూ. మూడో శతాబ్దం నాటిది. మనుషులు నాటి, ఎప్పుడు నాటారో లెక్క ఉన్న చెట్లలో ఇంత పాతది లేదంటారు. దిమ్మెల మీద, బంగారు కంచె లోపల, ఊతకర్రల సాయంతో నిలబడి ఉంది. చెట్టు పెద్దదేం కాదు. ఆకు రాలితే పట్టుకోవడానికి పిల్లలు, పెద్దవాళ్లు చేతులు చాపి కూర్చున్నారు.

అక్కణ్ణుంచి నడిచి రువన్వెలిసాయ. తెల్లటి స్తూపం, నూటమూడు మీటర్ల ఎత్తు, దుట్టుగెమును రాజు క్రీ.పూ. రెండో శతాబ్దంలో మొదలుపెట్టింది. చుట్టూ వందల గజాల పొడవున్న కాషాయ వస్త్రాన్ని జనం నెత్తిన మోసుకుంటూ ప్రదక్షిణ చేస్తున్నారు, దానిని స్తూపానికి చుడతారు. వదిన కూడా అంచు పట్టుకుంది. ఎవరూ నువ్వెవరని అడగలేదు, పక్కకు జరిగి చోటిచ్చారు.

అన్నయ్యగారు మాత్రం స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన కట్టడాల దగ్గర ఆగిపోయారు. వాహల్కడలంటారు. "ఇవేనమ్మా మన ఆయక వేదికలు" అన్నారు. అమరావతిలో, నాగార్జునకొండలో స్తూపానికి నాలుగు వైపులా ఆయక వేదికలు, ఒక్కో దాని మీద అయిదేసి స్తంభాలు ఉండేవి. అమరావతిలో బ్రిటిషు సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో చూసే నాటికే ఊరివాళ్లు రాళ్లు పెరుక్కుపోతున్నారు. తర్వాత చెక్కుడు పలకలు చెన్నై మ్యూజియానికి, లండన్‌కు వెళ్లిపోయాయి. మనకు ఆ వేదిక ఎలా ఉండేదో పలక మీద చెక్కిన బొమ్మలో చూసుకోవడమే. ఇక్కడ ఎదురుగా నిలబడి ఉంది, పూలు పెడుతున్నారు.

మెట్ల దగ్గర అర్ధచంద్రాకారపు రాయి కనబడితే ఆయన కిందకు వంగి, ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు వరసను వేలితో చూపించారు. చంద్రశిల. నాగార్జునకొండలోనూ ఇలాంటివి దొరికాయి. అక్కడి ఇక్ష్వాకుల కాలపు శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. అంటే ఇక్కడి భిక్షువులు కృష్ణ ఒడ్డుకు వచ్చి ఉండిపోయేవాళ్లు, మనవాళ్ల చెక్కుడు పనితనం, పల్నాటి సున్నపురాయి బొమ్మలు ఇటు వచ్చేవి. ఓడల మీద, నెలల తరబడి. "మనం పదమూడు వేలంటే ఆలోచించాం" అని మావారు అంటే, "నాకు పదహారు" అని వదిన సరిదిద్దింది.

ఎండ ముదిరాక జేతవనారామయకు ఆటోలో వెళ్లాం. తొమ్మిది కోట్లకు పైగా ఇటుకలు పట్టి ఉంటాయని అంచనా. కట్టిన నాడు 122 మీటర్లు, ఆ కాలంలో గిజా పిరమిడ్లు రెండు మినహా ఇంత ఎత్తు కట్టడం లేదు. సున్నం పూత లేదు, అంతా ఎర్ర ఇటుకే. జనమూ తక్కువే. చెట్టు కింద ఒక కుటుంబం అరిటాకుల్లో కొబ్బరిపాల అన్నం, కిరిబత్, ముక్కలుగా కోసి పంచుతుంటే మమ్మల్నీ పిలిచారు. వాళ్లకు తెలుగు రాదు, మాకు సింహళం రాదు. అన్నయ్యగారు నోటుబుక్కు తీసి అమరావతి స్తూపం బొమ్మ గీశారు. ఆ ఇంటి పెద్దాయన దాన్ని చూసి, తల ఊపి, బొమ్మ పైన శిఖరం లేదని కలం తీసుకుని తనే గీసి ఇచ్చాడు. అమరావతికి శిఖరం అలా ఉండేది కాదు అన్నయ్యగారూ అని నేను అనబోతే, ఉండనివ్వమ్మా అని సైగ చేశారు.

ఫిబ్రవరి 13, గురువారం

అనురాధపురం నుంచి నెగొంబోకు బస్సు. పగలంతా దానికే. మిగిలిన శ్రీలంక రూపాయలతో టీ పొడి, జీడిపప్పు కొన్నాం. ఎయిర్‌పోర్టులో ఇదే టీ పొడి ధర చూసి, ముందురోజే కొన్నందుకు వదిన తన వీపు తనే తట్టుకుంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున విమానానికి చెన్నై, మెట్రోలో సెంట్రల్, మధ్యాహ్నం రెండు దాటాక మళ్లీ పినాకిని. గూడూరు దాటాక అన్నయ్యగారు నోటుబుక్కు తెరిచి ఖర్చులు చదివారు. విమానం, రైళ్లు, బస్సులు, గదులు, తిండి, టికెట్లు అన్నీ కలిపి మనిషికి ముప్ఫై వేలకు అటూ ఇటూ. అందులో విమానం తర్వాత ఒక్క దెబ్బకు పెద్దగా పోయింది సిగిరియ టికెట్టుకే. ఏజెంట్ చెప్పిన ప్యాకేజీ విమానం కాకుండానే అంతకు పైన.

నెల్లూరులో వదిన ఫోన్ తీసి "జాఫ్నాకు ఎంతుందో చూడరా" అని తమ్ముడి చేతికిచ్చింది. చెన్నై నుంచి జాఫ్నా పక్కనున్న పలాలికి నేరుగా విమానాలున్నాయి. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి కాంకేశన్‌తురైకి ఓడ కూడా మొదలుపెట్టారు, వాతావరణం బాగోకపోతే నెలల తరబడి ఆపేస్తారు. మావారు ఇద్దరికి అని కొట్టి చూశారు, తర్వాత నలుగురికి. "ఈసారి చవక టికెట్లు మాకు" అంది వదిన.